కీర్తిశేషులు డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

ప్రతి సంవత్సరమును పరీక్షాఫలితములు వెలువడు దినములలో మన విశాఖపట్టణపు ఇండ్లలో రెండు విధములైన దృశ్యములు కానవచ్చుచుండును. ఒక యింట మిఠాయిలు పంచుదురు. వేరొక యింట బాలుడు తలుపు మూసికొని, అన్నము ముట్టక కూర్చుండును. ఈ రెండవ యింటి బాలుని మనస్సునందుంచుకొని, మేమీ సంవత్సరము ఒక మహనీయుని చరిత్రమును వ్రాయ సంకల్పించితిమి. ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పినవారు. ఆయన గతించి డెబ్బది యేండ్లు దాటినను, నేడు గర్భిణీస్త్రీలకు మన ఆసుపత్రులలో నిచ్చు చిన్న మాత్రయందు ఆయన శ్రమ దాగియున్నది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే పెందలకడనే ఉద్యోగమును విడువవలసి వచ్చెను. తల్లి వెంకమ్మగారు సంసారభారమును మోసిరి. పిల్లవానికి చదువుపై మనసు నిలువలేదు. పదుమూడవ యేట కాశికిపోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచెను. తల్లి వానిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. రాజమహేంద్రవరమున చదివి పరీక్ష తప్పెను. కొడుకు చదువునకై తల్లి తన నగలను సైతము అమ్మెనందురు. కడకు చెన్నపట్టణమందలి హిందూ హైస్కూలులో మూడవమారు కూర్చుండి ఉత్తీర్ణుడయ్యెను. ఆ మూడవ ప్రయత్నమే లేకున్నచో తరువాతి కథ యేదియు లేదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలమున సన్న్యసించి రామకృష్ణ మఠమున చేరవలెనని ఆయనకు కోరిక కలిగెను. తల్లి సమ్మతింపలేదు. అంతట మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919లో శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారి సాయముతో చదువు సాగెను. గాంధీమహాత్ముని పిలుపునాలకించి ఖద్దరు ధరించి శస్త్రచికిత్సా తరగతికి పోగా ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తినొందవలసి వచ్చెను. ప్రభుత్వోద్యోగము లభింపక, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించిరి.

ఈ నడుమనే ఆ కుటుంబముపై పిడుగు పడెను. ఎనిమిది దినముల వ్యవధిలో ఆయన సోదరులిరువురు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఈ వ్యాధియందు ప్రేవులు ఆహారసారమును గ్రహింపజాలవు. నాలుక పుండ్లుపడి, విరేచనములు పట్టి, రక్తము క్షీణించి, రోగి తిన్నదంతయు వ్యర్థమై కృశించిపోవును. వైద్యవిద్యవైపు మొగ్గిన అన్నదమ్ముడుండియు ఏమియు చేయలేకపోయెను. చేయదగినదేదియు నాటికి ప్రపంచమున నెవరికిని తెలియదు. ఆ దుఃఖమే ఆయన జీవితమునకు దారి చూపినదని మేము తలంచుచున్నాము.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయముతోడను, మామగారి ధనముతోడను ఆయన 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమును చేరిరి. చేత ధనము స్వల్పము. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధులను చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను కడిగి పొట్ట పోసికొనిరి. వైద్యపట్టము పొందినవాడు ఈ పనికి సిగ్గుపడలేదు. స్వదేశమున ఆయన ముఖమెరుగని పసికుమారుడు మరణించెను.

హార్వర్డునందు సైరస్ ఫిస్కె అను నాచార్యునితో కూడి, రక్తమూత్రములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. వైద్యవిద్యార్థులు నేటికిని దానిని వారిరువురి పేరనే చదువుచున్నారు. పిమ్మట కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి. అను పదార్థములను వెలికి దీసిరి. ఇంత చేసినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరి, అచ్చటి పరిశోధనలకు నాయకులైరి.

ఇక విటమినుల సంగతి. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టుసారముచే అది కుదురుచున్నదని 1931లో చూపెను. ఆ సారమందలి వస్తువేదియో తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి దాని నించుక రాబట్టి, ఆకునకు లాటిను భాషలోనున్న పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. నాలుగు టన్నుల ఆకునుండి చిటికెడు వచ్చునది రోగులకేల చాలును? సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ బృందము దాని నిర్మాణమును తెలిసికొని, 1945లో కృత్రిమముగా తయారుచేసెను. టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూచెను. పుండ్లుపడిన నాలుకలు మానెను, రక్తము వృద్ధినొందెను. సోదరులను చంపిన వ్యాధికి మందు తోబుట్టువు ప్రయోగశాలనుండియే వెలువడెను.

అయితే కథ ఇంతటితో ముగియలేదు. దుష్టరక్తహీనత అను మరియొక వ్యాధియున్నది. ఫోలిక్ ఆమ్లముచే అందును రక్తము బాగుపడెను గాని, కొందరు రోగులకు కాళ్లుచేతులు తిమ్మిరియెక్కి, నడక తడబడి, నరములు చెడుచునే యుండెను. ఈ వ్యాధి ముదిరినచో జ్ఞాపకము తప్పుట, మతి చలించుటయు కలుగును. రక్తము చూచి వ్యాధి కుదిరినదని వైద్యుడు సంతసించుచుండగా లోపల నరములు నశించుచుండెను. వారికి లోపించినది వేరొక విటమినని, అది బి-12 అని 1948లో తేలెను. ఇది పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసము మున్నగువానియందు దొరకును గాని కాయగూరలందుండదు.

విటమినులకును మనస్సునకును గల సంబంధమునకు ఇంకొక నిదర్శనము పెల్లాగ్రా. నికోటినిక్ ఆమ్లము లోపించుటచే వచ్చు ఈ వ్యాధిలో చర్మము కమలి, విరేచనములై, కడకు మతి చెడును. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నిట్టి రోగులెందరో ఉన్మాదశాలలలో మగ్గిరి. జొన్నయన్నమే ఆధారముగాగల మన దక్కను పీఠభూమి పేదలలోను ఈ వ్యాధియు, దానితోడి దిగులును కలవని హైదరాబాదు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కారణము తెలిసిన పిమ్మట విటమినుచే అట్టి మతి తేటపడెను.

దీనినిబట్టి తల్లిదండ్రులకు రెండు మాటలు మనవి చేయుచున్నాము. పరీక్షలు సమీపింపగానే కొందరు మందులషాపునకు పోయి, జ్ఞాపకశక్తికిని ఉత్సాహమునకును బి-కాంప్లెక్సు మాత్రలు కొని తెచ్చుచున్నారు. లోపమున్నవారికి విటమిను అమృతతుల్యము. చక్కగా భుజించు బాలునకు దానివలన తెలివి పెరుగునని రుజువు లేదు. లోపమేదో ఎరుగక ఒకదానిని మ్రింగినచో, పైన చెప్పిన రోగులవలె అసలు వ్యాధి మరుగుపడవచ్చును. ఆకుకూరయు, పప్పును, పాలును, మన సముద్రపు చేపయు ఇంటనుండగా సీసానాశ్రయింపనేల? బిడ్డ వారములకొలది దిగులుతో నిద్రాహారములు మానినచో, ఆ దుఃఖమును మాత్రతో కప్పక, చెంతకూర్చుండి వినవలెను; ఉపాధ్యాయులకు తెలుపవలెను; వైద్యునకు చూపవలెను. వాల్తేరులోని మానసిక వైద్యశాల మెట్లెక్కుట కంటివైద్యుని యొద్దకు పోవుటకంటె సిగ్గుపడవలసిన పని కాదు.

సుబ్బారావుగారి బృందము 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాను అను మందును కనుగొనెను. మన ఉత్తరాంధ్ర తీరమున ఆ మాత్రను మ్రింగినవారు వేలకొలది కలరు. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరినును వారే తయారుచేయగా, సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపు పుట్టకురుపు గల పసిపిల్లలకిచ్చి, పదునారుగురిలో పదుగురికి కొంతకాలము మేలు కలిగినట్లు 1948లో ప్రకటించెను. ఆ యేడే ఆరియోమైసిను అను ఔషధమును వెలువడెను. అదే సంవత్సరము ఆగస్టు 8వ తేదీన న్యూయార్కునందు, తన యేబదిమూడవ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి పరమపదించిరి.

ఆయన మరల స్వదేశమును చూడలేదు. శేషగిరిగారు ఇరువదియారు సంవత్సరములు ఎదురుచూచిరి. ఇంత కీర్తిలో ఆ సాధ్వి చెల్లించిన మూల్యమును మరచుట న్యాయము కాదు. 1991లో ప్రకటింపబడిన గొప్ప పరిశోధనవలన, గర్భధారణకు ముందునుండియు ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్న తల్లుల బిడ్డలకు వెన్నుపాములోపములు చాలవరకు తప్పునని తేలినది. భర్తను దూరము చేసికొన్న ఆ యిల్లాలి త్యాగమునకు ఫలము నేడు ఎన్నడును ఆమె పేరు వినని తల్లుల ఒడిలో ఆడుచున్నది.

విద్యార్థులారా, మీలో ఈ యేడు తప్పినవారుందురు. తలుపు తెరచి బయటికి రండు. మొదట అన్నము తినుడు. పిమ్మట పుస్తకము తీయుడు. రెండు మారులు తప్పిన బాలుని మూడవమారు బడికి పంపిన దైవము మిమ్మును విడువడు.