రెండు దేశాల్లో రెండు క్లబ్బులు పెట్టిన గాంపర్: జ్యూరిక్ నుంచి బార్సిలోనా దాకా

ఫుట్‌బాల్ మీద పెద్దగా ఆసక్తి లేనివారికి కూడా బార్సిలోనా క్లబ్ పేరు తెలుసు. ఎఫ్‌సీ జ్యూరిక్ పేరు మాత్రం స్విట్జర్లాండ్ దాటితే చాలామందికి తెలియదు. ఈ రెండు క్లబ్బుల పుట్టుకలోనూ ఒకే యువకుడి చెయ్యి ఉంది. మొదటిది పెట్టేనాటికి ఆయనకు ఇంకా 19 ఏళ్లు నిండలేదు. రెండోది పెట్టేనాటికి 22 నిండి వారం రోజులైంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు హాన్స్ గాంపర్. చరిత్రలో మిగిలిన పేరు జొవాన్ గాంపర్. ఈ పేరు మార్పు వెనుక ఒక జీవితం ఉంది, ఒక ప్రాంతం రాజకీయం ఉంది, చివరికి ఒక విషాదం కూడా ఉంది.

గాంపర్ 1877 నవంబర్ 22న స్విట్జర్లాండ్‌లోని విన్‌టర్‌థూర్‌లో పుట్టారు. యంత్రాల తయారీకి, బట్టల వ్యాపారానికి పేరున్న పారిశ్రామిక పట్టణం అది. ఎనిమిదేళ్ల వయసులోనే తల్లి క్షయతో చనిపోయారు. కుటుంబం జ్యూరిక్‌కు మారింది. పిల్లవాడు ఆటల్లో పడ్డాడు. పరుగు పందెం, సైకిల్, రగ్బీ, టెన్నిస్, ఏది దొరికితే అది ఆడాడు. అన్నిటికన్నా ఫుట్‌బాల్ ఎక్కువగా పట్టుకుంది.

ఆ కాలపు స్విట్జర్లాండ్‌లో ఫుట్‌బాల్ ఎంత వేళ్లూనుకుందో ఇప్పుడు చాలామందికి తెలియదు. యూరప్ ప్రధాన భూభాగంలో ఈ ఆటను తొలినాళ్లలోనే అందుకున్న దేశాల్లో అదొకటి. సెయింట్ గాలెన్ క్లబ్ 1879 నాటిది. జ్యూరిక్‌లో గ్రాస్‌హాపర్ క్లబ్‌ను 1886లో ఒక ఇంగ్లిష్ విద్యార్థి మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు బంతిని తెచ్చారు, స్థానిక కుర్రాళ్లు దాన్ని వదల్లేదు. చదువులు ముగించుకుని గుమాస్తాలుగా, ఇంజినీర్లుగా, వర్తకులుగా ఇతర దేశాలకు వెళ్లిన స్విస్ యువకులు అక్కడికీ ఆటను మోసుకుపోయారు. ఇటలీలో టొరినో క్లబ్ 1906లో పుట్టడం వెనుక ఉన్నది ఆల్ఫ్రెడ్ డిక్ అనే స్విస్ వ్యాపారి. ఇంగ్లండ్ కనిపెట్టిన ఆటను దక్షిణ యూరప్‌కు చేరవేయడంలో స్విస్‌వాళ్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

గాంపర్ జ్యూరిక్‌లో ఎక్సెల్సియర్ అనే చిన్న జట్టుకు ఆడారు. కొన్నాళ్లు బాసెల్ క్లబ్‌కూ ఆడి, అక్కడ కెప్టెన్‌గానూ ఉన్నారు. 1896లో జ్యూరిక్‌లోని చిన్న జట్లు ఒక్కటై ఎఫ్‌సీ జ్యూరిక్ ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. ఊళ్లో అప్పటికే ఉన్న గ్రాస్‌హాపర్‌కు సంపన్నుల క్లబ్ అన్న ముద్ర పడింది. కొత్త క్లబ్ సామాన్యుల పక్షం అనిపించుకుంది. ఈ తేడా ఎంతవరకు నిజమో, ఎంతవరకు అభిమానులు పెంచుకున్న కథో తేల్చడం కష్టం. పోటీ మాత్రం నేటికీ తగ్గలేదు.

ఎఫ్‌సీ జ్యూరిక్ 1902లో తొలిసారి దేశ చాంపియన్ అయింది. 1924లో మరోసారి గెలిచింది. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు టైటిల్ లేకుండా గడిపి, 1963లో మళ్లీ లేచింది. 1964లో, 1977లో యూరోపియన్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లి, ఒకసారి రియల్ మాడ్రిడ్ చేతిలో, మరోసారి లివర్‌పూల్ చేతిలో ఓడింది. 2016లో విచిత్రం జరిగింది. అదే సీజన్‌లో స్విస్ కప్ గెలిచిన జట్టు లీగ్‌లో అట్టడుగున నిలిచి రెండో డివిజన్‌కు జారింది. ఏడాదిలోనే తిరిగొచ్చి 2022లో 13వ టైటిల్ అందుకుంది. ఇవేవీ చూడటానికి గాంపర్ ఆ ఊళ్లో లేరు. క్లబ్ పెట్టిన ఏడాదికే ఉద్యోగం కోసం ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వెళ్లారు. అక్కడ రగ్బీ ఆడారు.

1898లో ఆయన ఆఫ్రికాకు బయల్దేరారు. గినియా సింధుశాఖలో అప్పటి స్పెయిన్ వలస దీవి ఫెర్నాండో పో ఆయన గమ్యం. చక్కెర వ్యాపారంలో పని చేయాలని అనుకున్నారు. దారిలో మేనమామను పలకరించి పోదామని బార్సిలోనాలో ఆగారు. ఆ ఆగడం ఆగడమే. ఓడ ఎక్కలేదు.

ఆ ఊరు అప్పుడు ఎలా ఉందో తెలిస్తే తర్వాతి కథ అర్థమవుతుంది. 1898 స్పెయిన్‌కు చేదు సంవత్సరం. అమెరికాతో యుద్ధంలో ఓడి క్యూబా, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్‌ను పోగొట్టుకుంది. ఆ వలసలతో వ్యాపారం చేసి బాగుపడ్డ కాటలోనియా పారిశ్రామికవేత్తలకు మాడ్రిడ్ ప్రభుత్వం మీద నమ్మకం సడలింది. తమ భాష వేరు, తమ చరిత్ర వేరు అన్న స్పృహ కాటలాన్ల చదువుకున్న వర్గంలో రాజకీయంగా మారుతున్న రోజులవి. మిల్లులు, రేవు, బ్యాంకులు, విదేశీయుల కాలనీలు ఉన్న ఊరిలో 20 ఏళ్ల స్విస్ కుర్రాడికి పని దొరకడం కష్టం కాలేదు. క్రెడీ లియొనే బ్యాంకులో లెక్కలు రాశారు. తర్వాత సారియా రైల్వే కంపెనీలో చేరారు. స్వదేశపు పత్రికలకు ఆటల వార్తలు పంపారు. ఆదివారం ప్రొటెస్టంట్ చర్చికి వెళ్లేవారు.

ఆడుకోవడానికి జట్టే కరువైంది. 1899 అక్టోబర్ 22న లోస్ దెపోర్తెస్ అనే క్రీడా పత్రికలో ఒక చిన్న ప్రకటన వచ్చింది. ఫుట్‌బాల్ ఆడాలనుకునేవారు వచ్చి కలవాలన్నది సారాంశం. నవంబర్ 29న సోలే వ్యాయామశాలలో సమావేశం జరిగింది. వచ్చినవారిలో స్విస్‌వాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు, కాటలాన్లు ఉన్నారు. అలా ఎఫ్‌సీ బార్సిలోనా పుట్టింది. తొలి అధ్యక్షుడు కూడా స్విస్‌వాడే, వాల్టర్ వైల్డ్. గాంపర్ అధ్యక్ష పదవి కాక కెప్టెన్సీ తీసుకున్నారు. ఆయన ఆడాలనుకున్నారు మరి. ఆడిన నాలుగేళ్లలో 100కు పైగా గోల్స్ కొట్టారు. అయితే అప్పటి లెక్కలను ఇప్పటి లెక్కలతో పోల్చడం సరికాదు. ఎదురుగా నిలిచిన జట్లలో కొన్ని ఆట నేర్చుకుంటున్న దశలోనే ఉన్నాయి.

జట్టు నీలం, ఎరుపు రంగుల మీద నేటికీ వాదన ఉంది. గాంపర్ ఆడిన బాసెల్ రంగులే అవి అని స్విస్‌వాళ్లు అంటారు. తొలినాటి ఆటగాళ్లయిన విట్టీ సోదరులు చదివిన ఇంగ్లిష్ పాఠశాల రంగులని ఇంకొందరంటారు. గెలిచిన క్లబ్ చొక్కా ఎవరిదో తేలడం అంత సులువు కాదు.

1902 మే 13న మాడ్రిడ్‌లో జరిగిన పోటీలో బార్సిలోనా 3-1తో స్థానిక మాడ్రిడ్ జట్టును ఓడించింది. నేడు ప్రపంచమంతా అర్ధరాత్రి మేల్కొని చూసే రియల్ మాడ్రిడ్, బార్సిలోనా పోరుకు అదే మొదలు. గాంపర్ ఆ మ్యాచ్ ఆడారు. ఆ మరుసటి ఏడాదే ఆట విరమించారు. 1907లో స్విస్ యువతి ఎమ్మా పిల్లూను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. వ్యాపారంలో స్థిరపడ్డారు. కథ ఇక్కడితో ఆగినా ఆశ్చర్యం లేదు.

1908 చివరికి క్లబ్ మూతపడే స్థితికి వచ్చింది. సభ్యులు 38 మందే మిగిలారు. డబ్బు లేదు, సొంత మైదానం లేదు. అధ్యక్షుడు నెల తిరక్కుండానే తప్పుకున్నాడు. డిసెంబర్ 2న గాంపర్ పగ్గాలు తీసుకున్నారు. పాత సభ్యుల ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరినీ బతిమాలి వెనక్కి తెచ్చారు. చాలామంది ఆయన్ను వ్యవస్థాపకుడిగా గుర్తుంచుకుంటారు గానీ, నిజానికి ఆయన చేసిన పెద్ద పని ఇదే. ప్రకటన ఇచ్చి జట్టు పెట్టిన కుర్రాళ్లు ఆ రోజుల్లో యూరప్ నిండా ఉన్నారు. ఆ జట్లలో చాలావాటి పేర్లు కూడా ఇప్పుడు మిగల్లేదు.

కొన్ని నెలలకే, 1909 మార్చిలో, ఇండస్ట్రియా వీధిలో సొంత మైదానం తెరుచుకుంది. దాదాపు 6,000 మంది పడతారు. చోటు చాలక జనం ప్రహరీ గోడ మీద వరసగా కూర్చునేవారు. వీధిలో పోయేవారికి వాళ్ల వెనుకభాగాలే కనిపించేవి. బార్సిలోనా అభిమానులను నేటికీ కులేలు అని పిలవడం అక్కడి నుంచే వచ్చింది. మర్యాదగా అనువదించడం కుదరని మాట అది.

1908, 1925 మధ్య గాంపర్ ఐదుసార్లు అధ్యక్షుడయ్యారు. క్లబ్ ఇబ్బందుల్లో పడ్డప్పుడల్లా ఆయన్నే పిలిచారు. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన పౌలినో అల్కాంతరా 15 ఏళ్లకే 1912లో జట్టులోకి వచ్చారు. స్నేహపూర్వక మ్యాచ్‌లూ కలుపుకుని ఆయన చేసిన గోల్స్ రికార్డు మెస్సీ వచ్చేదాకా చెక్కుచెదరలేదు. గోల్‌కీపర్ జమోరా, మిడ్‌ఫీల్డర్ సమితియె 1919లో చేరారు. చీకట్లో మెరిసే ముళ్లున్న గడియారం, ఒక సూటు ఇచ్చి సమితియెను ఒప్పించారని ఒక కథ ప్రచారంలో ఉంది. జమోరా, సమితియె ఆట చూడటానికి జనం పోటెత్తారు. పాత మైదానం చాలలేదు. 1922 మే 20న లెస్ కోర్ట్స్ స్టేడియం ప్రారంభమైంది. 20 వేలకు పైగా జనం పట్టే మైదానం అది. 38 మంది మిగిలిన క్లబ్‌లో సభ్యుల సంఖ్య ఆ దశకం మొదట్లో 10,000 దాటింది.

ఈ కాలంలోనే హాన్స్ జొవాన్ అయ్యారు. కాటలాన్ నేర్చుకున్నారు, ఆ భాషలోనే మాట్లాడారు, క్లబ్ వ్యవహారాల్లో ఆ భాషకు చోటిచ్చారు. కాటలోనియాకు స్వయంపాలన కావాలన్న డిమాండుకు 1918లో క్లబ్ మద్దతు పలికినప్పుడు అధ్యక్షుడు ఆయనే. పరాయి దేశం నుంచి వచ్చినవాడు స్థానికుల గుర్తింపు పోరాటంలో ఇంత లోతుగా దిగడం మామూలు విషయం కాదు. కలకత్తాలో మోహన్ బగాన్ 1911లో బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి ఒక జాతి ఆత్మగౌరవానికి గుర్తయింది. బార్సిలోనా కూడా అలాంటి గుర్తుగానే ఎదిగింది. కాకపోతే ఇక్కడ ఆ పని చేయించినవారిలో ముఖ్యుడు ఒక విదేశీయుడు.

దానికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 1923 సెప్టెంబర్‌లో జనరల్ ప్రిమో దె రివేరా స్పెయిన్‌లో అధికారం చేజిక్కించుకున్నారు. కాటలాన్ జెండా మీద, బహిరంగ వ్యవహారాల్లో కాటలాన్ భాష మీద ఆంక్షలు పెట్టారు. 1925 జూన్ 14న లెస్ కోర్ట్స్‌లో ఓర్ఫెయో కాటలా అనే ప్రసిద్ధ గాయక బృందం గౌరవార్థం మ్యాచ్ జరిగింది. రేవులో ఆగిన బ్రిటిష్ నౌకకు చెందిన బ్యాండును వాయించడానికి పిలిచారు. బ్యాండు స్పెయిన్ రాజగీతం ఎత్తుకోగానే స్టాండ్లలోంచి ఈలలు, కేకలు మొదలయ్యాయి. ఏం జరుగుతోందో అర్థంకాని బ్యాండువాళ్లు దాన్ని ఆపి బ్రిటన్ రాజగీతం వాయించారు. జనం చప్పట్లు కొట్టారు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మైదానం ఆరు నెలలు మూసివేత. తర్వాత దాన్ని మూడు నెలలకు తగ్గించారు. అధ్యక్షుడి విషయంలో అంత ఉదారత చూపలేదు. కాటలాన్ జాతీయవాదాన్ని రెచ్చగొట్టారన్న ఆరోపణతో గాంపర్‌ను పదవి నుంచి తప్పించి దేశం విడిచి పొమ్మన్నారు. ఈలలు వేసింది వేలమంది, శిక్ష పడింది ఒక్కరికి. సులువుగా వెళ్లగొట్టగలిగే విదేశీయుడు కావడం ప్రభుత్వానికి కలిసొచ్చింది. ఆయన స్విట్జర్లాండ్‌కు వెళ్లిపోయారు. ఆ ఏడాదే జ్యూరిక్‌లో ఆయన పాత క్లబ్ లెట్జిగ్రుండ్ అనే కొత్త స్టేడియం తెరిచింది.

కొంతకాలానికి తిరిగి రావడానికి అనుమతి దొరికింది, ఒక షరతు మీద. క్లబ్‌తో ఎలాంటి సంబంధమూ పెట్టుకోకూడదు. బార్సిలోనాలో ఉండొచ్చు, బార్సిలోనా క్లబ్‌లో ఉండకూడదు. పాతికేళ్లు ఆ క్లబ్ చుట్టూ తిరిగిన మనిషికి ఇది ఎలాంటి శిక్షో ఊహించవచ్చు. ఆ తర్వాత 1929 ఆర్థిక సంక్షోభం వ్యాపారాన్ని దెబ్బతీసింది. అప్పటికే కుంగుబాటులో ఉన్నారు. 1930 జూలై 30న బార్సిలోనాలోని సొంత ఇంట్లో ప్రాణం తీసుకున్నారు. వయసు 52. ఆయన్ను వెళ్లగొట్టిన నియంత ఆ ఏడాది జనవరిలోనే గద్దె దిగి, మార్చిలో పారిస్‌లో చనిపోయాడు.

అంత్యక్రియలకు జనం భారీగా వచ్చారు. మోంజుయిక్ శ్మశానంలో సమాధి చేశారు. ఆరేళ్లకు అంతర్యుద్ధం వచ్చింది. క్లబ్ అధ్యక్షుడు జోసెప్ సున్యోల్‌ను 1936 ఆగస్టులో ఫ్రాంకో సైనికులు కాల్చి చంపారు. తర్వాత ఫ్రాంకో పాలనలో క్లబ్ పేరునే స్పానిష్ పద్ధతికి మార్పించారు. 1966లో సీజన్ ఆరంభ పోటీగా గాంపర్ స్మారక ట్రోఫీ మొదలైనప్పుడు కాటలాన్ పేర్లకు ఇంకా అధికారిక గౌరవం లేదు. హాన్స్‌గా పుట్టి జొవాన్‌గా చనిపోయిన మనిషి కొన్నేళ్లు హువాన్ అయ్యారు. ఫ్రాంకో పోయాక జొవాన్ తిరిగొచ్చాడు.

ఊరి శివార్లలో 2006లో తెరిచిన క్లబ్ శిక్షణ కేంద్రానికి కూడా ఆయన పేరే పెట్టారు. పిల్లల అకాడమీ లా మసియా 2011లో అక్కడికే మారింది. అక్కడ ఆట నేర్చుకున్నవారిలో లామిన్ యమాల్ ఒకరు. ఆయన తండ్రిది మొరాకో. తల్లిది ఈక్వటోరియల్ గినియా. గాంపర్ వెళ్లాలనుకుని వెళ్లని ఫెర్నాండో పో దీవి ఇప్పుడు బియోకో పేరుతో ఆ దేశంలోనే ఉంది.