షాపింగ్ మాల్ గేటు బీప్ వెనక.. ఓ సంగీత వాయిద్యం, ఓ జైలు గది, ఓ చెక్క ముద్ర! ఎవరీ థెరెమిన్?

పండగ ముందు కర్నూలులోనో, కడపలోనో ఏదైనా పెద్ద బట్టల మాల్‌కు వెళ్లండి. చొక్కా అంచుకో, చీర మడతకో చిన్న ప్లాస్టిక్ బిళ్ల గుచ్చి ఉంటుంది. బిల్లు కౌంటర్‌లో దాన్ని తీయడం మర్చిపోయారనుకోండి.. బయటికి వచ్చే దారిలో ఉన్న నిలువు పలకలు బీప్ బీప్ అని గోల పెడతాయి. సెక్యూరిటీ గార్డు పరుగున వస్తాడు. క్యూలో ఉన్నవాళ్లంతా తిరిగి చూస్తారు. డబ్బు కట్టిన మనిషికి కూడా ఆ క్షణంలో చెమటలు పడతాయి.

ఆ బిళ్లలో సాధారణంగా బ్యాటరీ ఉండదు. స్విచ్ ఉండదు. మరి గేటుకు ఎలా తెలుస్తోంది? బయటి నుంచి తరంగం వచ్చి తగిలితేనే మేల్కొని జవాబిచ్చే ఈ కిటుకు కథలోకి వెళ్తే, మొదట్లోనే ఒక రష్యన్ కనిపిస్తారు. ఆయన వ్యాపారి కాదు, పోలీసూ కాదు. చెల్లో వాయించడం నేర్చుకున్న ఒక ఫిజిక్స్ ఇంజినీర్. పేరు లెవ్ సెర్గేయెవిచ్ టెర్మెన్. రష్యా బయట లియోన్ థెరెమిన్ అంటేనే తెలుస్తుంది.

గాల్లో చెయ్యి ఊపితే పాట

థెరెమిన్ 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచే ఒకవైపు సంగీతం, మరోవైపు కరెంటు ప్రయోగాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో రేడియో పని చేశారు. 1920లో ప్రముఖ శాస్త్రవేత్త అబ్రాం యోఫే తన ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లోకి పిలిచారు.

అక్కడ వాయువుల గుణాలు కొలిచే పరికరం మీద పనిచేస్తుంటే ఒక వింత కంటపడింది. చెయ్యి దగ్గరకు తెస్తే హెడ్‌ఫోన్‌లో శబ్దం మారుతోంది. దూరం జరిపితే మళ్లీ మారుతోంది. మనిషి శరీరం కూడా కొంత విద్యుత్తును పట్టి ఉంచుతుంది కాబట్టి, సర్క్యూట్ దగ్గరకు వెళ్తే దాని లెక్క తప్పుతుంది. ఇంకొకరైతే చికాకు పడి పరికరాన్ని సరిచేసుకునేవారు. థెరెమిన్ అందులోంచి రెండు వస్తువులు తీశారు.

ఒకటి, తాకకుండా వాయించే వాయిద్యం. యాంటెన్నా ముందు గాల్లో చేతులు కదిపితే స్వరం పలుకుతుంది. దానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. రెండోది, రేడియో కాపలాదారు. ఎవరైనా దగ్గరకు వస్తే చాలు, మోగుతుంది. అంటే దొంగల అలారం! ఒకే సర్క్యూట్.. ఒక చోట పాట, ఇంకో చోట కాపలా.

1922లో క్రెమ్లిన్‌కు వెళ్లి ఈ రెండింటినీ లెనిన్‌కు చూపించారు. లెనిన్ స్వయంగా చేతులు ఊపి వాయించే ప్రయత్నం చేశారట. ఆ తర్వాత థెరెమిన్ వాయిద్యంతో దేశమంతా తిరిగారు. 1926 నాటికి అద్దాల చక్రంతో దూరంలోని బొమ్మను తెర మీద చూపించే యంత్రం కూడా చేశారు. టీవీకి తొలి రూపాల్లో అదొకటి. సోవియట్ ప్రభుత్వం దాన్ని రహస్యం కింద లోపల పెట్టేసింది.

అమెరికాలో వైభోగం.. ఆపై మాయం

1927 డిసెంబర్‌లో థెరెమిన్ న్యూయార్క్‌లో దిగారు. హాళ్లు నిండిపోయాయి. 1928లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఆర్‌సీఏ కంపెనీ హక్కులు కొని వాయిద్యాన్ని 1929లో మార్కెట్‌లోకి తెచ్చింది. అదే ఏడాది స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. తయారైనవి సుమారు 500. దాంతో ఆగిపోయింది.

బతుకు కోసం మళ్లీ పాత కాపలాదారు వైపే తిరిగారు. అలారాలు చేశారు. అల్కట్రాజ్ జైలు కోసం ఖైదీల దగ్గర ఇనుము ఉంటే పట్టేసే మెటల్ డిటెక్టర్ మీద పనిచేశారు. జైలు గేటుకు కాపలా యంత్రం చేసిన మనిషి మరికొన్నేళ్లలో తనే ఖైదీ అవుతాడని అప్పుడు ఎవరనుకుంటారు?

వయొలిన్ వదిలి థెరెమిన్ పట్టిన క్లారా రాక్‌మోర్ ఆయన దగ్గరే ఎదిగారు. ఆయన పెళ్లి చేసుకుందామని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. తర్వాత ఆయన నల్లజాతి డాన్సర్ లవీనియా విలియమ్స్‌ను పెళ్లాడారు. 1930ల అమెరికాలో అది మామూలు విషయం కాదు. తలుపులు తెరిచిన ఇళ్లే ముఖం తిప్పేసుకున్నాయి.

1938 సెప్టెంబర్‌లో ఓ సోవియట్ ఓడ ఎక్కి ఆయన వెళ్లిపోయారు. సోవియట్ మనుషులు బలవంతంగా ఎత్తుకెళ్లారని లవీనియా నమ్మారు. అప్పులు, పన్ను బాకీలు మెడకు చుట్టుకుని ఆయనే వెళ్లారని చరిత్రకారులు అంటారు. ఏదైతేనేం.. భార్యాభర్తలు మళ్లీ కలవలేదు.

సొంత దేశం ఆయనకు హారతి పట్టలేదు. 1939 మార్చిలో అరెస్టు. 8 ఏళ్ల శిక్ష. పంపింది ఎక్కడికి? కోలిమా బంగారు గనులకు. మే నెల కడప ఎండ తెలిసిన మనకు ఆ చలి ఊహకు కూడా అందదు. చలికాలంలో మైనస్ 40 డిగ్రీల కిందికి పోయే చోటు అది. బతికి బయటపడటానికి కారణం ఆయన చదువే. శాస్త్రవేత్తల చేత పని చేయించుకునే ప్రత్యేక జైలుకు మార్చారు. తర్వాత స్పుత్నిక్‌ను నింగికి పంపిన సెర్గీ కొరొల్యోవ్ కూడా అక్కడ ఖైదీయే.

చెక్క ముద్రలో చెవి

1945 ఆగస్టు. సోవియట్ బడిపిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారి యావరెల్ హ్యారిమన్‌కు ఓ కానుక ఇచ్చారు. అమెరికా రాజముద్రను చక్కగా చెక్కిన చెక్క ఫలకం. స్నేహానికి గుర్తు అన్నారు. ఆయన దాన్ని తన నివాసంలోని గదిలో గోడకు తగిలించారు.

లోపల ఉన్నది ఖైదీ థెరెమిన్ చేసిన పరికరం. ఓ చిన్న లోహపు డబ్బీ, దానికి పల్చని పొర, ఒక యాంటెన్నా.. అంతే. బ్యాటరీ లేదు, వైర్లు లేవు. కాబట్టి వెతికేవాళ్లకు దొరకదు. బయటి నుంచి రేడియో తరంగం పంపినప్పుడే అది పనిచేస్తుంది. గదిలో మాటలకు పొర కంపిస్తుంది, ఆ కంపనం తిరిగి వెళ్లే తరంగం మీద ముద్ర పడుతుంది. తరంగం ఆపేస్తే మళ్లీ మొద్దు చెక్క.

నలుగురు రాయబారులు మారారు. ముద్ర మాత్రం గోడ మీదే ఉంది. చివరికి 1952లో రాయబారి జార్జ్ కెన్నన్ ఏదో ఉత్తరం డిక్టేట్ చేస్తున్నట్టు నటిస్తుంటే, టెక్నీషియన్లు సిగ్నల్ వెంటపడి పట్టుకున్నారు. అది ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి బ్రిటన్ నిపుణుల సాయం కావాల్సి వచ్చింది. 1960లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా ఆ ముద్రను తెరిచి ప్రపంచానికి చూపించింది.

ఇంకో విచిత్రం. ఆ 1945లోనే హిచ్‌కాక్ సినిమా స్పెల్‌బౌండ్ విడుదలైంది. అందులో థెరెమిన్ వాయిద్యం వినిపిస్తుంది, ఆ సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది. పేరు హాలీవుడ్‌లో మోగుతోంది, మనిషి మాత్రం మాస్కోలో తాళం వేసిన గదిలో ఉన్నారు. 1947లో ఆయన్ని విడుదల చేసి, నిఘా పరికరాల పనికి స్టాలిన్ ప్రైజ్ ఇచ్చారు. ఆ తర్వాత కూడా దాదాపు 20 ఏళ్లు రహస్య విభాగంలోనే పనిచేశారు.

మరి షాపుల్లోకి ఎలా వచ్చింది?

ఒక్క మాట స్పష్టంగా చెప్పుకోవాలి. షాపుల్లో ఉన్న ట్యాగ్‌ను థెరెమిన్ కనిపెట్టలేదు. ఆ పని అమెరికాలో 1960లలో జరిగింది. న్యూయార్క్ ఇంజినీర్ ఆర్థర్ మినాసీ ఒకవైపు, ఒహాయోలో కిరాణా స్టోర్ మేనేజర్‌గా ఉన్న రాన్ అసాఫ్ మరోవైపు దీని మీద పడ్డారు. వైన్ సీసాలు ఎత్తుకుపోయిన దొంగను వెంటాడి పట్టుకోలేకపోయిన కోపంలోంచి అసాఫ్‌కు ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. ఆయన పెట్టిన కంపెనీయే సెన్సర్‌మ్యాటిక్.

కానీ కిటుకు అదే.. తనకు తానుగా మూగగా ఉండే వస్తువు, బయటి తరంగం అడిగితే మాట్లాడటం. రెండు తంబురాలను ఒకే శ్రుతిలో పెట్టి ఒకటి మీటితే రెండోదాని తీగ తనంతట తానే సన్నగా కంపిస్తుంది కదా, ఇదీ అంతే. షాపుల్లో ఎక్కువగా వాడే ఒక రకం ట్యాగ్‌లో రాగి లేదా అల్యూమినియం చుట్ట ఉంటుంది. దాని శ్రుతి 8.2 మెగాహెర్ట్జ్. ఇంకో రకంలో పల్చని లోహపు పట్టీలు 58 కిలోహెర్ట్జ్ దగ్గర కంపిస్తాయి. గేటు అదే శ్రుతిలో అడుగుతుంది. ట్యాగ్ బదులిస్తే అలారం మోగుతుంది. కౌంటర్‌లో గట్టి బిళ్లనైతే అయస్కాంతంతో ఊడదీస్తారు, స్టిక్కర్ రకాన్నైతే ప్యాడ్ మీద రుద్ది పనిచేయకుండా చేస్తారు.

ఇక్కడే గార్డులూ, కస్టమర్లూ గమనించాల్సింది ఒకటుంది. గేటుకు దొంగ ఎవరో తెలియదు. దానికి తెలిసిందల్లా చావని ట్యాగ్ ఒకటి దాటుతోందని. ట్యాగ్ తీయడం మర్చిపోయిన క్యాషియర్ తప్పుకూ అదే బీప్, వేరే షాపులో కొన్న బట్టలో మిగిలిపోయిన స్టిక్కర్‌కూ అదే బీప్. మోగగానే అడగాల్సింది బిల్లు. నలుగురిలో పరువు తీయడం కాదు.

కర్నూలు మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి టోల్ గేటు దగ్గర కారు అద్దం మీద ఉండే ఫాస్టాగ్ కూడా ఈ కుటుంబమే. అందులోనూ బ్యాటరీ లేదు. పైన ఉన్న రీడర్ పంపే తరంగంతోనే శక్తి తీసుకుని తన నంబర్ చెబుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి మన దగ్గర అది తప్పనిసరి. షాపు బిళ్ల ఉన్నానని మాత్రమే అంటుంది, ఫాస్టాగ్ తనెవరో కూడా చెబుతుంది. తేడా అదే.

మళ్లీ మాస్కోకు..

రహస్య విభాగం వదిలాక థెరెమిన్ మాస్కో సంగీత కళాశాలలో చేరి వాయిద్యాలు చేసుకుంటూ కూర్చున్నారు. చాలామంది పశ్చిమ దేశాల వాళ్లు ఆయన ఎప్పుడో చనిపోయారనుకున్నారు. 1967లో ఓ న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు అక్కడికి వచ్చి, ఆయన బతికే ఉన్నారని రాశారు. మంచి వార్తే కదా అనుకుంటాం. ఆ వ్యాసం చూసిన పైవాళ్లు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు, వాయిద్యాలను పగలగొట్టించారు. మాస్కో యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో చిన్న టెక్నీషియన్ ఉద్యోగంతో ముసలితనం గడిచింది.

1991లో, 95 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ అమెరికాలో అడుగుపెట్టారు. అప్పటికి లవీనియా లేరు, 1989లోనే చనిపోయారు. న్యూయార్క్‌లో క్లారా రాక్‌మోర్ తలుపు తీశారు. ఆమెకు 80 ఏళ్లు. ఇద్దరూ కలిసి కూర్చున్నారు.

అదే 1991 మార్చిలో ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం తీసుకున్నారు. జైల్లో పెట్టిన పార్టీలో ఇప్పుడెందుకు అని అడిగితే, లెనిన్‌కు మాటిచ్చానని చెప్పేవారట. కొన్ని నెలలకే రష్యాలో ఆ పార్టీని నిషేధించారు, డిసెంబర్‌లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. థెరెమిన్ 1993 నవంబర్ 3న మాస్కోలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 97.