బెర్లినులో లేని గుడి

జర్మనీ దేశమందలి బెర్లిను నగరములో బెత్లెహేము గుడి ఉండెను. 1943లో బాంబులు పడి అది కాలిపోయెను. మిగిలిన గోడలను 1963లో తీసివేసిరి. 2012లో ఆ స్థలమున ఇనుప గొట్టములతో గుడి ఆకారము మాత్రము నిలిపిరి. లోపల పీఠము లేదు, బల్లలు లేవు. ఆ గుడికి కాపరియైన యోహాను గోస్నరు అయ్యగారిని ఈ మాసము జ్ఞాపకము చేసికొందము.

విశ్వాసము నిమిత్తము బొహేమియా విడిచివచ్చిన ప్రొటెస్టెంటుల కొరకు ప్రష్యా రాజు కట్టించిన గుడి అది, 1737లో పూర్తియైనది. 1829లో అచ్చటికి వచ్చిన గోస్నరుగారును తరుమబడినవారే. 1773లో బవేరియాలో పుట్టి, కతోలిక గురువైన ఆయన, సువార్తను తేటగా బోధించి చిక్కులపాలయ్యెను. 1824లో రష్యానుండియు వెళ్లగొట్టబడెను. 1826లో ప్రొటెస్టెంటు సంఘములో చేరెను.

1836లో కొందరు చేతిపనివారు మిషనరీలుగా పోగోరి ఆయనయొద్దకు వచ్చిరి. వారికి పెద్ద చదువులు లేవు. అప్పటికి ఆయనకు 63 ఏండ్లు. ఆ వయస్సున మనలో ఎందరము క్రొత్త పని తలకెత్తుకొందుము? ఆయన ఎత్తుకొనెను.

1844లో ఆయన పంపిన నలుగురు కలకత్తా చేరి, అక్కడ కూలిపనిచేయు ఛోటా నాగపూరు వారిని చూచి, వారి దేశమునకే పోవ నిశ్చయించుకొనిరి. 1845 నవంబరులో రాంచీ చేరిరి. ఏండ్లు గడిచినను ఆ జనులలో పెద్దవారెవరును బాప్తిస్మమునకు రాలేదు. విసిగి, మరియొక చోటికి పోదుమా అని అయ్యగారికి వ్రాసిరి. విడువక ప్రార్థించుడి, బోధించుడి, మేమును ఇక్కడ ప్రార్థింతుమని ఆయన జవాబిచ్చెను. దూరమున కూర్చుండి అట్లు వ్రాయుట సుళువేగదా అని మొదట మాకును తోచినది. కాని నిలువనీయని చోట్ల బోధించినవాడు వ్రాసిన మాట అది. వారు నిలిచిరి. 1850లో నలుగురు ఒరాన్ జాతివారు బాప్తిస్మము పొందిరి. 1 పేతురు 2:5లోని సజీవమైన రాళ్లను గూర్చి చదువునప్పుడు ఈ నలుగురే మాకు తలపునకు వత్తురు.

1855లో రాంచీలో క్రీస్తు దేవాలయము ప్రతిష్ఠింపబడెను. గోస్నరుగారు దానిని కన్నులార చూడలేదు. 1858లో బెర్లినులోనే నిద్రించిరి. 1919లో అచ్చటి సంఘము స్వయంపాలన పొందినది. బెర్లినులో గోడలు తీసివేసిననాటికి రాంచీ గుడికి 108 ఏండ్లు. అందులో నేటికిని ఆరాధన జరుగుచున్నది.