జమీందారు ఇంట పుట్టిన కౌలుదార్ల నాయకుడు పార్నెల్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ఐర్లండు నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ గుర్తుకు వచ్చారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా 1973 నాటి భూసంస్కరణల చట్టం కింద వచ్చిన డిక్లరేషన్ల ఫైళ్లు రాసినవాణ్ణి. ఉన్న భూమిలో ఒక ఎకరం వదులుకోవాలంటే మనిషికి ఎంత కష్టమో ఆ కాగితాలే నాకు నేర్పాయి. తాను భూస్వామి అయి ఉండి కౌలుదార్ల పక్షాన నిలిచిన పార్నెల్ అంటే నాకు గౌరవం అందుకే.

ఆయన 1846 జూన్ 27న విక్లో జిల్లాలోని అవన్‌డేల్ ఎస్టేటులో జన్మించారు. కుటుంబం ప్రొటెస్టెంట్లు, కౌలుదార్లలో అత్యధికులు కాథలిక్కులు. తల్లి అమెరికా నౌకాదళ అధికారి కుమార్తె. కేంబ్రిడ్జిలో చదివినా పట్టా పుచ్చుకోలేదు. 1875లో మీత్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. మొదట్లో మాట తడబడేది. అయినా గంటల తరబడి చర్చ సాగదీసి, ఐర్లండు గోడు వినేదాకా సభను కదలనివ్వని పద్ధతిలో ఆరితేరారు.

1879లో పంటలు పోయి, కౌలు కట్టలేని కుటుంబాలను ఇళ్లలోంచి వెళ్లగొడుతున్న రోజుల్లో మైకేల్ డేవిట్ చొరవతో లాండ్ లీగ్ ఏర్పడింది. పార్నెల్ దాని అధ్యక్షుడయ్యారు. ఒకరిని వెళ్లగొట్టిన పొలాన్ని కౌలుకు తీసుకున్నవాణ్ణి కొట్టవద్దు, తిట్టవద్దు, వెలివేసినట్లు దూరంగా ఉంచండి చాలునని 1880లో ఎన్నిస్ సభలో బోధించారు. ఆ ఏడాదే మేయోలో బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటుకు కూలీలు, దుకాణదారులు అందరూ దూరమయ్యారు. ఆయన పంట కోయడానికి వేరే జిల్లాల నుంచి 50 మంది కూలీలు, వారికి కాపలాగా సైనికులు రావలసి వచ్చింది. 1928లో సైమన్ కమిషన్‌పై మనవారు ప్రయోగించిన బాయ్‌కాట్ అనే మాట ఆయన పేరే!

1881లో న్యాయమైన కౌలుకు, కౌలుదారు భద్రతకు చట్టం వచ్చింది. అది చాలదన్న పార్నెల్‌ను కిల్‌మైనం జైలులో పెట్టి, 1882 మేలో వదిలారు. అవన్‌డేల్ అప్పుల్లో ఉందని తెలిసి 1883లో ప్రజలు, వాటికన్ వద్దన్నా వినకుండా, 37 వేల పౌండ్లకు పైగా చందా పోగుచేసి ఇచ్చారు. 1885 ఎన్నికల్లో ఆయన పార్టీకి 86 స్థానాలు దక్కాయి. 1886లో గ్లాడ్‌స్టన్ తెచ్చిన స్వపరిపాలన బిల్లు 30 ఓట్ల తేడాతో వీగిపోయింది. హత్యలను సమర్థించారంటూ 1887లో టైమ్స్ పత్రిక ప్రచురించిన ఉత్తరం దొంగ ఉత్తరమని 1889లో రుజువైంది.

శత్రువులు చేయలేనిది స్వవిషయమే చేసింది. తన పార్టీవాడైన ఓషే భార్య కాథరిన్‌తో ఆయన ఏళ్ల తరబడి కాపురం చేస్తూ వచ్చారు. 1890 నవంబరులో ఓషేకు విడాకులు మంజూరయ్యాయి. గ్లాడ్‌స్టన్, తరువాత బిషప్పులు ఆయన నాయకత్వం వద్దన్నారు. పార్టీ రెండుగా చీలింది. కొంతకాలం పక్కకు తప్పుకుని ఉంటే పార్టీ నిలిచేదేమోనని నా అభిప్రాయం. అభిమానం అందుకు ఒప్పుకోలేదు. ఆయన నిలబెట్టిన అభ్యర్థులు మూడు ఉపఎన్నికల్లో ఓడారు. 1891 జూన్‌లో కాథరిన్‌ను వివాహమాడి, నాలుగు నెలలైనా తిరగకుండా అక్టోబరు 6న బ్రైటన్‌లో 45వ ఏట కన్నుమూశారు. డబ్లిన్‌లోని గ్లాస్‌నెవిన్‌లో ఖననం చేశారు.

1903 చట్టంతో ఐర్లండు కౌలుదార్లు పెద్ద ఎత్తున భూమిని కొనుక్కుని సొంతదార్లయ్యారు. అది చూసే భాగ్యం పార్నెల్‌కు లేకపోయింది. వారు దున్నుకున్న ఆ పొలాల్లో ఈ భూస్వామి కష్టం కూడా ఉంది.