హోమీ భాభా
హోమీ జహంగీర్ భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో జన్మించారు. తండ్రి కోరిక మేరకు కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివారు. అందులో ప్రథమశ్రేణి సాధించి, తనకు ఇష్టమైన భౌతికశాస్త్రం వైపు మరలారు. 1939లో సెలవులకు స్వదేశం రాగా రెండవ ప్రపంచయుద్ధం మొదలయింది. తిరిగి వెళ్లలేక, బెంగుళూరులో విశ్వకిరణాలపై పరిశోధన సాగించారు. 1945లో టాటా పరిశోధన సంస్థను స్థాపించారు.

రాయచూరు జిల్లాలోని హట్టిలో వలెనే కోలారులోనూ లోతైన బంగారు గనులు ఉండేవి. భాభా తన సంస్థలోని శాస్త్రజ్ఞులను ఆ గనులలోకి పంపారు. ఆకాశం నుండి వచ్చే కణాల కోసం పాతాళానికి దిగడమెందుకు? లోతుకు పోయేకొద్దీ రాతిపొరలు ఇతర కణాలను అడ్డుకుంటాయి. న్యూట్రినోలు మాత్రం రాతిని దాటి వస్తాయి. 1965లో దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. కొద్ది నెలలకే, 1966 జనవరి 24న, భాభా విమాన ప్రమాదంలో మరణించారు.

విశ్వంలోని పదార్థంలో అధికభాగం కంటికి కనబడని కృష్ణపదార్థమే. అది న్యూట్రినోలే కావచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. కాని అవి మరీ తేలికైనవని తేలింది. ఇంతవరకు ఎవరికీ చిక్కని వింప్ అనే బరువైన కణం కోసం ఇప్పుడు వెదుకుతున్నారు. ఆ అన్వేషణ కూడా భూగర్భంలోనే సాగుతున్నది.