యంత్రానికి మనిషి మాట నేర్పిన గ్రేస్ హాపర్

సుపేలా (ఛత్తీస్‌గఢ్): భిలాయి ఉక్కు నగరంలోని సుపేలా బజారులో ఏటీఎంను ఆశ్రయించిన వ్యక్తిని యంత్రం మొదట ఏ భాష కావాలని అడుగుతుంది. కర్మాగారంలో కొలువుల కోసం తరలివచ్చిన తెలుగువారు తరాలుగా స్థిరపడిన ఈ ఉక్కు నగరంలో భాషను ఎంచుకోవడం నిత్యకృత్యమే. అయితే యంత్రమే మనిషి భాషకు దిగిరావాలన్న ఆలోచన ఒకప్పుడు హాస్యాస్పదంగా తోచింది. ఆ ఆలోచనకై పట్టుబట్టిన గణితశాస్త్రవేత్త గ్రేస్ హాపర్.

హాపర్ 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో జన్మించారు. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఇంట్లోని ఏడు గడియారాలను వరుసగా విప్పేశారు. తల్లి మందలించి, ఒక్క గడియారంతో సరిపెట్టుకోమన్నారు. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేట్ పొంది, వాసర్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరబోతే వయసు మీరిందని, బరువు చాలదని అభ్యంతరాలు వచ్చాయి. మినహాయింపు సంపాదించి 1943 డిసెంబరులో చేరారు.

1944లో ఆమెను హార్వర్డ్‌లోని మార్క్-1 గణన యంత్రం వద్దకు పంపారు. దాని పొడవు 51 అడుగులు. కాగితపు పట్టీపై పొడిచిన రంధ్రాలే దానికి ఆదేశాలు. యంత్రంలో చిక్కుకున్న చిమ్మటను పట్టుకుని ‘బగ్’ అనే మాటను హాపరే పుట్టించారన్న కథ ప్రచారంలో ఉన్నా, అది నిజం కాదు. లోపాన్ని ఇంజినీర్లు అప్పటికే ఆ పేరుతో పిలిచేవారు. 1947 నాటి చిమ్మట కథను ఆమె సరదాగా చెబుతూ ప్రచారంలోకి తెచ్చారు.

1949లో ఎకర్ట్-మాక్లీ కంప్యూటర్ కంపెనీలో చేరాక అసలు పని మొదలైంది. అప్పట్లో ప్రోగ్రామర్లు పదేపదే అవసరమయ్యే ఆదేశాల భాగాలను నోటుపుస్తకాల నుంచి చేత్తో ఎత్తిరాసుకునేవారు. ఎత్తిరాతలో తప్పులు దొర్లేవి. చిరునామాల కూడికలోనూ పొరపాట్లు జరిగేవి. ఆ చాకిరీని యంత్రానికే అప్పగిస్తూ 1952లో ఆమె ఏ-0 అనే కంపైలర్‌ను సిద్ధం చేశారు. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేయగలదని నమ్మినవారు అది మరో ప్రోగ్రామును తయారుచేస్తుందంటే ఒప్పుకోలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. గణితజ్ఞులకు సంకేతాలతో ఇబ్బంది లేదు. జీతాల పట్టికలు, సరుకు నిల్వలు చూసుకునే ఉద్యోగులకు అవి కొరుకుడు పడవు. వారికోసం ఆదేశాలను మామూలు ఆంగ్ల పదాల్లోనే రాయనివ్వాలని హాపర్ ప్రతిపాదించారు. కంప్యూటర్‌కు ఇంగ్లిష్ అర్థం కాదని యాజమాన్యం కొట్టిపారేసింది. ఆమె వెనక్కి తగ్గక, 1955 ప్రాంతంలో ఒకే ప్రోగ్రామును ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ పదాలతో ప్రదర్శించారు. అది బెడిసికొట్టింది. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచ్, జర్మన్ రావడమేమిటని అధికారులు కంగారుపడ్డారు. యంత్రం దృష్టిలో ఏ మాటైనా ఒక గుర్తు మాత్రమేనని, గుర్తు మారినా పని మారదని నచ్చజెప్పడానికి ఆమెకు నెలల తరబడి పట్టింది. చివరికి ఫ్లో-మాటిక్ భాష రూపుదిద్దుకుంది. ఆ భాషలోని ఆదేశాలు ఆంగ్లానికే పరిమితమయ్యాయి. చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పే టీసీఎస్ సాఫ్ట్‌వేర్ 2000లో ఉమ్మడి మెదక్ జిల్లాలో తెలుగుతోనే మొదలుకావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన 1959లోనే అమెరికాలో కోబాల్ భాషకు శ్రీకారం చుట్టారు. కోబాల్ తల్లిగా హాపర్‌ను కీర్తించడం పరిపాటి. నిజానికి దాన్ని రూపొందించింది జీన్ శామెట్ వంటివారున్న ఒక సంఘం. హాపర్ సలహాదారుగా ఉన్నారు. పునాది మాత్రం ఫ్లో-మాటిక్‌దే. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్లపై నడిచింది. కోబాల్‌లో మాటలు ఎక్కువని పండితులు వెక్కిరించారు. ఆ విమర్శలో కొంత నిజముంది: గుమస్తాలు చదివి అర్థం చేసుకోగలిగినా, రాయడం నిపుణుల పనిగానే మిగిలింది. అయినా బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు దాన్నే నమ్ముకున్నాయి. నాడు మెమరీని ఆదా చేసేందుకు సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన ఫలితమే వై2కే సంక్షోభం. ఆ ప్రోగ్రాములను సరిదిద్దే పనికోసం అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానమెక్కిన తెలుగు యువత ఎందరో.

1966 చివర పదవీ విరమణ చేసిన హాపర్‌ను నౌకాదళం మరుసటి ఏడాదే వెనక్కి పిలిపించింది. కాంతి ఒక నానోసెకనులో పయనించే దూరమింతేనని, దాదాపు అడుగు పొడవున్న తీగముక్కలను ఉపన్యాసాల్లో శ్రోతలకు పంచేవారు. 1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్ హోదాలో విరమించారు. 1999 డిసెంబరు 31 రాత్రి జరిగే వేడుకలు చూడాలన్నది ఆమె కోరిక. 1992 జనవరి 1న వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో కన్నుమూశారు. అక్కడి జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.