తెర వెనుక తరగతి: బేగం రొకేయా

వంగదేశంలోని రంగపూరు జిల్లాలో పైరాబంద్ అను గ్రామం కలదు. నేడది బంగ్లాదేశ్‌లోనిది. ఆ ఊరి జమీందారు జహీరుద్దీన్ సాబెర్ పలు భాషలు నేర్చినవాడు. కుమారులను కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివించినాడు. కుమార్తెలకు మాత్రం ఖురాన్ పారాయణమూ, కొద్దిపాటి ఉర్దూ ఫార్సీలూ చాలునని తలచినాడు. కులీనులమనుకొనే ముస్లిం కుటుంబాలకు ఆనాడు ఉర్దూ గౌరవచిహ్నం. సేద్యగాండ్రు మాట్లాడే వంగభాష వారికి చిన్నతనం. ఇక ఆంగ్లం చదివిన ఆడపిల్ల చెడిపోవునని భయం. ఉర్దూ ఇంటిలోనూ, తెలుగు వీధిలోనూ, ఆంగ్లం పరీక్షలోనూ ఎదురయ్యే మన విద్యార్థులకు ఈ చిక్కు బొత్తిగా కొత్త కాదు.

1880లో ఆ ఇంట రొకేయా జన్మించినది. ఆమె అక్క కరీమున్నీసా పెరటి మట్టిపై పుల్లతో గీసి వంగాక్షరాలు నేర్చుకొన్నది. పదునైదేండ్లు నిండకమునుపే ఆమెకు వివాహం చేసి పంపివేసినారు. చెల్లెలి చదువును పెద్దన్న ఇబ్రహీం సాబెర్ చేపట్టినాడు. పగలు వీలుకాదు. పెద్దలు నిద్రించి ఇల్లు సద్దుమణిగిన పిదప కొవ్వొత్తి వెలిగించి ఆమెకు ఆంగ్లం నేర్పినాడు. బడి లేదు, గంట లేదు, తోటి పిల్లలు లేరు. ఆమె ఏనాడూ ఏ విద్యాలయంలోనూ విద్యార్థినిగా చేరలేదు. తరువాతి కాలంలో తన ‘పద్మరాగ్’ నవలను ఆ అన్నకే అంకితమిచ్చినది.

యౌవనారంభంలో ఆమెకు భాగల్పూరు వాస్తవ్యుడు, డిప్యూటీ మేజిస్ట్రేటు సయ్యద్ సఖావత్ హుసేన్‌తో వివాహమైనది. ఆయన భార్యను కోల్పోయినవాడు, వయసులో చాలా పెద్ద, ఇంటి భాష ఉర్దూ. ఇట్టి పెండ్లితో చదువు ముగియుట ఆనాటి లోకరీతి. ఇక్కడ అట్లు జరుగలేదు. ఆయనే ప్రోత్సహించి ఆమెచేత ఆంగ్లం చదివించినాడు, వ్రాయించినాడు. ఆయన కార్యార్థమై ఊరు విడిచిన సమయంలో ఆమె కాలక్షేపానికి ‘సుల్తానాస్ డ్రీమ్’ అను కథను ఆంగ్లంలో వ్రాసినది. తిరిగి వచ్చిన భర్త నిలుచున్న చోటనే, కూర్చొనుట కూడ మరచి, దానిని చదివి ముగించినాడట. ఆ కథలో పురుషులు పరదా వెనుక ఉందురు. స్త్రీలు సూర్యరశ్మిని శక్తిగా మలచి రాజ్యమేలుదురు. 1905లో దానిని ప్రకటించినది మద్రాసు నుండి వెలువడిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచు అని చెప్పుకొనుట మనకు ముచ్చట.

పుట్టిన ఇద్దరు ఆడబిడ్డలూ శైశవంలోనే పోయినారు. 1909 మేలో భర్తయు గతించినాడు. బాలికల విద్యకై ఆయన విడిచిపోయిన పదివేల రూపాయలతో, అదే సంవత్సరం అక్టోబరులో, ఐదుగురు పిల్లలతో భాగల్పూరులో ఆమె పాఠశాల తెరచినది. ఆస్తి తగాదాల వల్ల అక్కడ నిలువలేక కలకత్తా చేరి, 1911 మార్చి 16న వలీయుల్లా సందులో ఎనిమిది మంది పిల్లలతో మరల ప్రారంభించినది. తాను బడి ముఖమెరుగదు గనుక నగరంలోని ఇతర బాలికా పాఠశాలలకు పోయి, తరగతులు నడుచు తీరును చూచి నేర్చుకొన్నది. ప్రధానోపాధ్యాయురాలు అట్లు వెనుక బల్లపై కూర్చుండుటకు ఎంత వినయం కావలెనో అధ్యాపకులమైన మాకు తెలియును.

ఖురాన్, ఉర్దూ, ఆంగ్లం, కుట్టుపని, వ్యాయామం ఆ బడిలో పక్కపక్కనే సాగినవి. ఖురాన్‌ను అర్థమెరిగి చదువవలెనని ఆమె పట్టుదల. పిల్లలను మాత్రం ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకోవలసి వచ్చినది. పరదాకు భంగం రాదని తల్లిదండ్రులకు మాట ఇవ్వవలెను. అందుకై బడి బస్సును అన్ని వైపులా మూయించినారు. లోపల గాలి వెలుతురు లేక పిల్లలు భయపడి ఏడ్చినారు, వాంతులు చేసుకొన్నారు, కొందరు స్పృహ తప్పినారు. రేకులు తీసి తెరలు కట్టిరి. అంతట గాలికి తెరలు కదులుచున్నవనీ, పరదా చెడుచున్నదనీ బెదిరింపు జాబులు వచ్చినవి. ‘అవరోధ్‌బాసిని’లో ఈ ఉదంతాన్ని ఆమెయే హాస్యమూ బాధా కలిపి వ్రాసినది.

తన కథలో పరదాను తలక్రిందులు చేసిన రచయిత్రి తన బడి బండికి పరదా కట్టించుట వైరుధ్యమని కొందరందురు. నాకట్లు తోచదు. తెర తీసివేసిన మరునాడు ఆ బండిలో ఎక్కుటకు పిల్ల ఉండదు. రాగలిగిన తీరులోనే పిల్లను రానిచ్చి, వచ్చిన తరువాత పుస్తకం తెరచుట ఆమె మార్గం. దాని మూల్యం చిన్నది కాదు. ఊపిరాడక సొమ్మసిల్లిన ఆ బాలికలు కూడ అందులో కొంత చెల్లించినారు. ఆ సంగతిని ఆమె దాచలేదు.

బడి ఈడు దాటిన స్త్రీలనూ ఆమె విడువలేదు. 1916లో అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం స్థాపించి, పేద బస్తీలలోని స్త్రీలకు చదువను వ్రాయను నేర్పించినది. ఎనిమిది మందితో మొదలైన పాఠశాల ఆమె జీవితకాలంలోనే హైస్కూలు స్థాయికి ఎదిగినది. నేటికిని కలకత్తాలో సఖావత్ మెమోరియల్ పేరుతో నడుచుచున్నది. 1932 డిసెంబరు 9న, తన పుట్టినరోజుననే, ఆమె కన్నుమూసినది. ముందటి రాత్రి వరకు వ్రాయుచుండిన స్త్రీల హక్కులను గూర్చిన వ్యాసం ఆమె బల్లపై అసంపూర్తిగా మిగిలియుండినది.